రక్తపిశాచికి గడప అడ్డం

కోరలున్న కుర్రాడితో డేటింగ్‌కు వెళ్ళే అమ్మాయి కథ అనగానే విమర్శకులకూ, తల్లిదండ్రులకూ, ఆదివారం అనుబంధాల్లో కాలమ్‌లు రాసేవాళ్ళకూ ఒకే మాట నోటికొస్తుంది. ఆ నవలలు ఆడపిల్లలకు ప్రమాదకరమైన మగవాణ్ణి ప్రేమించడం నేర్పుతాయట. వెంటబడటాన్ని ప్రేమగా, నిఘా పెట్టడాన్ని శ్రద్ధగా చూపించి మెల్లగా అలవాటు చేస్తాయట. అమెరికాలో పుట్టిన ఈ మాట ఇంగ్లీషు చదివే ప్రతి ఊరికీ చేరింది. హైదరాబాద్‌లో ఇంటర్ చదివే పిల్ల ఫోన్లో ఏ పుస్తకం ఉందో తొంగిచూసి నిట్టూర్చే మేనత్తల దాకా వచ్చింది. చదివి అన్నవాళ్ళు కొందరు, చదవకుండా అన్నవాళ్ళు బోలెడంతమంది. చదివినవాళ్ళు కూడా చదివింది ఒక్క శ్రేణినే అని నా అనుమానం.

ఆ శ్రేణి ఏదో చెప్పక్కర్లేదు. స్టెఫెనీ మేయర్ రాసిన ‘ట్విలైట్’ 2005లో వచ్చింది. వాషింగ్టన్ రాష్ట్రంలో ఎప్పుడు చూసినా ముసురు పట్టి ఉండే ఫోర్క్స్ అనే చిన్న ఊరు. అక్కడికి కొత్తగా వచ్చిన పదిహేడేళ్ళ బెల్లా. 1918 నాటి ఫ్లూ మహమ్మారిలో చావబోతూ వ్యాంపైర్‌గా మారి, అప్పటినుంచీ పదిహేడేళ్ళ దగ్గరే ఆగిపోయిన ఎడ్వర్డ్. ఈ మహానుభావుడు రాత్రిళ్ళు ఆమె గదిలోకి దూరి, ఆమె నిద్రపోతుంటే చూస్తూ కూర్చుంటాడు. మూడో పుస్తకం ‘ఎక్లిప్స్’లో ఆమె తన స్నేహితుడు జేకబ్ దగ్గరికి వెళ్ళకుండా ఆమె ట్రక్కు ఇంజన్లో భాగం ఊడబీకేస్తాడు. తను వేటకు వెళ్ళినప్పుడు ఆమెను తమ ఇంట్లో కట్టడి చేసి ఉంచినందుకు చెల్లెలు ఆలిస్‌కు పసుపుపచ్చ పోర్షా కారు లంచం. నాలుగో పుస్తకానికొచ్చేసరికి తోడేలుగా మారే జేకబ్ గారు అప్పుడే పుట్టిన పసిగుడ్డుకు జన్మంతా కట్టుబడిపోతాడు. దానికి ఆ పుస్తకం చెప్పే సమర్థన చదువుతుంటే ఒళ్ళు జలదరిస్తుంది.

వీటిలో ఒక్కదాన్ని కూడా నేను వెనకేసుకు రాను. విమర్శకులు ఎడ్వర్డ్ మీద వేసిన నేరాలన్నీ నిజమే, ఇంకో రెండు కలిపినా నాకు అభ్యంతరం లేదు. నా పేచీ అక్కణ్ణుంచి వాళ్ళు వేసే గెంతుతో. ఎడ్వర్డ్ ఇలాంటివాడు కాబట్టి నగరాల్లో మానవాతీతులతో ప్రేమలు నడిపే నవలలన్నీ ఇలాంటివేనని తీర్పు చెప్పేశారు. ఆ నవలలకు ట్విలైట్‌కంటే ముందే ఒక చరిత్ర ఉంది. 1987లో ఎమ్మా బుల్ మినియాపొలిస్‌లో ఒక రాక్ గాయని వెంట జానపద మాయావుల్ని నడిపించింది. 1993లో లారెల్ కె. హామిల్టన్ సెయింట్ లూయిస్‌లో వ్యాంపైర్లకు పౌరహక్కులిచ్చి, వాళ్ళలో నేరం చేసినవాళ్ళను చంపే లైసెన్సు అనీటా బ్లేక్ అనే యువతి చేతిలో పెట్టింది. 2000లో జిమ్ బుచర్ షికాగోలో మాంత్రికుడి చేత డిటెక్టివ్ ఆఫీసు తెరిపించాడు. ఆ మరుసటేడు షార్లీన్ హ్యారిస్ లూసియానాలో ఒక బార్ తలుపులు తీసింది. ఆ బార్ సంగతి తర్వాత. ముందు తలుపుల సంగతి చూడాలి, ఈ గొడవంతా తలుపు దగ్గరే తేలిపోతుంది కాబట్టి.

బ్రామ్ స్టోకర్ 1897లో ‘డ్రాకులా’ రాసినప్పుడు వ్యాంపైర్‌కు ఒక కట్టుబాటు పెట్టాడు. ఇంటివాళ్ళలో ఎవరో ఒకరు రమ్మని పిలిస్తే తప్ప అతను గడప దాటలేడు. బాగానే ఉంది. కానీ ఆ కట్టుబాటుకు ఒక తోక ఉంది. పిలుపు మొదటిసారికి మాత్రమే కావాలి. ఒక్కసారి ‘రా’ అంటే చాలు, ఆ తర్వాత ఎప్పుడు కావాలంటే అప్పుడు వచ్చిపోవచ్చు. పిలిచిన మనిషి తర్వాత మనసు మార్చుకున్నా, భయంతో వణికిపోతున్నా ఆ పిలుపు చెల్లుతూనే ఉంటుంది.

వందేళ్ళ తర్వాత అమెరికన్ టీవీలో ‘బఫీ ది వ్యాంపైర్ స్లేయర్’ ఈ తోకను కత్తిరించింది. అందులో బఫీ ప్రేమించిన వ్యాంపైర్ ఏంజెల్, ఆమెతో ఒక రాత్రి గడిపాక శాపవశాత్తూ ఆత్మ పోగొట్టుకుని క్రూరుడైపోతాడు. నిన్నటిదాకా ప్రేమగా మాట్లాడినవాడు తెల్లారేసరికి మారిపోవడం ఎలా ఉంటుందో అనుభవించిన ఆడవాళ్ళకు ఈ శాపం గురించి వేరే చెప్పక్కర్లేదు. 1998 ఫిబ్రవరిలో ప్రసారమైన ఒక భాగంలో అతను రాత్రి ఆమె పడకగదిలోకి వచ్చి, ఆమె నిద్రపోతుండగా బొమ్మ గీసి దిండు మీద పెట్టిపోతాడు. పొద్దున లేచి తన నిద్రమొహం బొమ్మను తనే చూసుకున్న బఫీ పులకించిపోదు. హడలిపోతుంది. స్నేహితులు పాత గ్రంథాలు తిరగేసి, పిలుపు రద్దు చేసే మంత్రం వెతికిపట్టి, ఇంటికి శిలువలు కట్టి అతణ్ణి బయటికి నెట్టేస్తారు. నిద్రపోతున్న అమ్మాయిని చాటుగా చూడటం ప్రేమ కాదని, అది వేటాడటమని ఈ కోవ కథలు ట్విలైట్‌కు ఏడేళ్ళ ముందే తెగేసి చెప్పాయి.

షార్లీన్ హ్యారిస్ ఇంకో అడుగు ముందుకు వేసింది. ఆమె కథల్లో పిలుపు రద్దుకు మంత్రాలతో పని లేదు, పాత గ్రంథాలతో పని లేదు. ఇంటావిడ నోటితో ‘నా పిలుపు వెనక్కి తీసుకుంటున్నా’ అంటే చాలు. వెయ్యేళ్ళ వయసున్న వ్యాంపైర్ అయినా, కారును ఒంటిచేత్తో ఎత్తగలవాడైనా ఆ మాట తర్వాత ఆ ఇంట్లో ఒక్క క్షణం నిలబడలేడు. 2003 నాటి ‘క్లబ్ డెడ్’ చివర్లో ఆమె నాయిక సూకీ స్టాక్‌హౌస్ సరిగ్గా ఇదే చేస్తుంది. ఒకడు ప్రేమించి మోసం చేసినవాడు, ఇంకొకడు ఇప్పుడిప్పుడే మనసుకు దగ్గరవుతున్నవాడు, ఇద్దర్నీ ఒకే రాత్రి గడప బయటికి పంపేస్తుంది. గొంతు పెంచదు, ఉపన్యాసం ఇవ్వదు. వాళ్ళు వెళ్ళక తప్పదు.

ఇప్పుడు మేయర్ ఏం చేసిందో చూడండి. ఆమె వ్యాంపైర్లకు పిలుపు అనే కట్టుబాటే లేదు. శిలువ, వెల్లుల్లి, శవపేటికలతో పాటు దాన్ని కూడా పాత కట్టుకథల లెక్కన తీసిపారేసింది. అందుకే ఎడ్వర్డ్ బెల్లా గదిలోకి అడక్కుండా రాగలిగాడు. అంటే, ఆడదాని గడపకు ఈ సాహిత్యం కట్టిన కావలిని పీకేసిన ఒక పుస్తకాన్ని పట్టుకుని, ఈ సాహిత్యానికి కావలి లేదంటున్నారు మన విమర్శకులు.

గడప గురించి ఇంత రాద్ధాంతం దేనికి అనేవాళ్ళకు ఒక చిన్న న్యాయశాస్త్ర చరిత్ర. పదిహేడో శతాబ్దపు ఇంగ్లీషు న్యాయమూర్తి మాథ్యూ హేల్ రాసిన గ్రంథం 1736లో, ఆయన పోయిన చాలా ఏళ్ళకు అచ్చయింది. పెళ్ళిలో ఒకసారి ఒప్పుకున్న భార్య ఆ ఒప్పుకోలును తర్వాత వెనక్కి తీసుకోలేదు కాబట్టి, భర్త ఆమెను బలాత్కరించినా నేరం కాదన్నది అందులోని సూత్రం. డ్రాకులా పిలుపుకున్న తోకే ఇది. ఇంగ్లండులో ఈ సూత్రాన్ని హౌస్ ఆఫ్ లార్డ్స్ 1991లో గానీ కొట్టివేయలేదు. ఆ కేసులో భార్య విడిగా ఉందామని పుట్టింటికి వెళ్ళిపోయింది, భర్త ఆ ఇంట్లోకే బలవంతంగా జొరబడ్డాడు. అమెరికాలోని అన్ని రాష్ట్రాలూ భార్యను బలాత్కరించడాన్ని ఏదో ఒక రూపంలో నేరంగా గుర్తించేసరికి 1993 వచ్చింది. అనీటా బ్లేక్ మొదటి నవల అచ్చయింది ఆ ఏడాదే. ఈ నవలలు కోర్టు తీర్పులు చదివి రాశారని నేననను. అయితే ‘ఒకసారి అవునంటే ఎప్పటికీ అవునేనా’ అన్న ప్రశ్న ఒక సమాజమంతటా రగులుతున్న కాలంలో, ఆ ప్రశ్నను బార్‌లో పనిచేసే అమ్మాయి గడప మీదికి తెచ్చి నిలబెట్టింది ఈ ‘చవకబారు’ పుస్తకాలే. మన సంగతి చెప్పాలంటే, 2024 జూలై నుంచి అమల్లోకి వచ్చిన భారతీయ న్యాయ సంహితలో 63వ సెక్షన్‌కు రెండో మినహాయింపు తిరగేయండి. పద్ధెనిమిదేళ్ళు నిండిన భార్య విషయంలో మన చట్టం ఈరోజుకీ డ్రాకులా పక్షానే ఉంది. అమ్మాయిల చేతిలోని నవలల గురించి బెంగపడేవాళ్ళు ఆ బెంగలో కొంత ఇటు మళ్ళిస్తే బాగుంటుంది.

రెండో ఆరోపణ కొంచెం పెద్దమనిషి తరహాగా ఉంటుంది. కోరలు, బొచ్చు, మంత్రాలు అన్నీ పైపూతలనీ, అవి తీసేస్తే మిగిలేది మామూలు ప్రేమకథేననీ. చూద్దాం, తీసి చూద్దాం. సూకీ కథనే తీసుకుందాం.

సూకీ లూసియానాలోని బాన్ టెంప్స్ అనే పల్లెటూళ్ళో మెర్లాట్స్ అనే బార్‌లో వెయిట్రెస్. పెద్ద చదువు లేదు, ఉన్నదల్లా నాయనమ్మ ఇల్లు, కష్టపడి సంపాదించుకున్న టిప్పులు, ఎదుటివాళ్ళ మనసులోని మాటలు వినిపించే జబ్బు. జబ్బనే అంటుంది ఆమె. ట్రే పట్టుకుని బల్లల మధ్య తిరుగుతుంటే ఊరివాళ్ళ చవకబారు ఆలోచనలన్నీ చెవిలో పడుతుంటాయి. ఇక డేటింగ్ మాట చెప్పాలా? ఎదురుగా కూర్చున్నవాడు పైకి మర్యాదగా మెనూ తిరగేస్తుంటే, లోపల అతను తనను ఎలా చూస్తున్నాడో, ఏయే భాగాలకు ఎన్నెన్ని మార్కులు వేస్తున్నాడో ఆమెకు తెలిసిపోతుంది. అందుకే పాతికేళ్ళొచ్చినా ఆమెకంటూ ఎవరూ లేరు. జపాన్‌వాళ్ళు కృత్రిమ రక్తం కనిపెట్టాక వ్యాంపైర్లు చాటు విడిచి జనంలోకి వచ్చిన లోకం అది. ఒక రాత్రి బిల్ అనే వ్యాంపైర్ బార్‌లోకి వచ్చి కూర్చుంటాడు. అతని దగ్గర సూకీకి ఏమీ వినిపించదు. చచ్చిన మెదడు మరి. ఆమె అతనిలో ప్రేమించింది ముందు ఆ నిశ్శబ్దాన్ని. కోరలు తీసేసి ఈ కథ చెప్పండి. మిగలదు. మగవాడి మనసులో ఏముందో ముందే తెలిస్తే ఏ ఆడది ఎవరితో బయటికి వెళ్తుందన్న చేదు హాస్యం కూడా కోరలతో పాటే పోతుంది.

ఆ రాత్రి జరిగిన సంగతి ఇంకొంచెం దగ్గరగా చూడాలి. వ్యాంపైర్ రక్తానికి దొంగ బజారులో మత్తుమందుగా గిరాకీ ఉంది. రాట్రే అనే దంపతులు బిల్‌ను మాటల్లో పెట్టి బయటికి తీసుకుపోతారు. వెండి తగిలితే అతను కదలలేడు కాబట్టి వెండి గొలుసులతో నేలకు అదిమిపెట్టి రక్తం తోడుతుంటారు. వాళ్ళ ఆలోచనలు ముందే విన్న సూకీ పని వదిలేసి చీకట్లోకి వెళ్తుంది, చేతికి దొరికిన ఇనుప గొలుసు తిప్పి మొగుణ్ణి కొడుతుంది, ఇద్దర్నీ తరిమేసి బిల్ ఒంటి మీది వెండి తీస్తుంది. రాక్షసుడు ఆడపిల్లను కాపాడే కథ అనుకుని పుస్తకం తెరిచినవాళ్ళకు మొదటి అధ్యాయంలోనే ఆడపిల్ల రాక్షసుణ్ణి కాపాడుతుంది. విమర్శకులు అట్ట మీద బొమ్మ చూసి ఆగిపోకుండా ఇరవై పేజీలు తిప్పి ఉంటే తెలిసేది.

ఆ ఊళ్ళో వ్యాంపైర్లతో తిరిగిన ఆడవాళ్ళు ఒక్కొక్కరే హత్యకు గురవుతుంటారు. అనుమానం బిల్ మీద కూడా పడుతుంది. (మొదటి నవల చదవబోయేవాళ్ళు ఈ పేరా దాటేయండి.) చంపుతున్నది రెనే అనే మామూలు మనిషి. రోజూ బార్‌కు వచ్చి నవ్వుతూ పలకరించేవాడు, సూకీ అన్నకు స్నేహితుడు, తోటి వెయిట్రెస్‌కు మాజీ మొగుడు. వ్యాంపైర్‌తో తిరిగిందని అతను మొదట చంపింది సొంత చెల్లెల్ని. పరువు హత్యల వార్తలు చదివే తెలుగు పాఠకులకు ఈ రెనే మొహం కొత్తగా ఉండదు. ప్రమాదం చీకట్లోంచి వచ్చే పరాయివాడి దగ్గర కాదు, పొద్దున్నే పలకరించే తెలిసినవాడి దగ్గర ఉందని ఆ నవల చెబుతోంది. ఇది ఆడపిల్లల్ని తప్పుదారి పట్టించే బోధ ఎలా అవుతుందో నాకర్థం కాదు.

తర్వాతి పుస్తకాల్లో హ్యారిస్ మొదటి నవలలోని ప్రేమను కూడా వదిలిపెట్టలేదు. బిల్ తనంతట తాను సూకీ దగ్గరికి రాలేదని, ఆమె శక్తి మీద కన్నేసిన తన రాణి పంపితే వచ్చాడని 2006లో వచ్చిన ‘డెఫినిట్లీ డెడ్’లో బయటపడుతుంది. ఆ మరుసటేడు వచ్చిన ‘ఆల్ టుగెదర్ డెడ్’లో ఇంకో చిక్కు. అంతకంటే ఘోరమైనదాన్ని తప్పించుకోవడానికి సూకీ ఎరిక్ అనే ఇంకో వ్యాంపైర్‌తో రక్తం పంచుకోవాల్సి వస్తుంది, అది బంధంగా బిగిసిపోతుంది. అతను దగ్గర్లో ఉంటే సంతోషం, దూరమైతే దిగులు. ఈ సంతోషం నాదా, రక్తానిదా? తర్వాతి పుస్తకాలన్నిటా ఆమెను ఈ ప్రశ్న తొలుస్తూనే ఉంటుంది. చివరికి 2011లో, ‘డెడ్ రెకనింగ్’లో, స్నేహితురాలి మంత్రంతో ఆ బంధాన్ని తెంపించుకుంటుంది. ప్రేమ పోతుందేమోనన్న భయం ఉన్నా తెంపించుకుంటుంది, మిగిలేది ఎంతో చూసుకోవాలి కాబట్టి. తన ఇష్టంలో తన వాటా ఎంత అని ఇంత ఓపిగ్గా లెక్క తీసిన నాయికలు గంభీర సాహిత్యంలోనూ ఎక్కువమంది లేరు. రక్తబంధం అనే కల్పన లేకపోతే ఆ లెక్క తీయడానికి పనిముట్టే లేదు.

పట్రీషియా బ్రిగ్స్ రాసే మెర్సీ థాంప్సన్ నవలలది ఇంకో దారి. మెర్సీ ఫోక్స్‌వాగన్ కార్లు బాగుచేసే మెకానిక్, కయోటీగా మారగలదు. పక్కింట్లో ఆడమ్, ఆ ప్రాంతపు తోడేళ్ళ దండుకు నాయకుడు, ఆజ్ఞలివ్వడం అతని నైజం. అతను మరీ పెత్తనం చేసినప్పుడల్లా మెర్సీ తన స్థలంలో, అతని కిటికీకి ఎదురుగా పడేసిన తుక్కు కారులోంచి ఇంకో చక్రమో ఇంకో భాగమో పీకేస్తుంది. పొందిక అంటే ప్రాణం పెట్టే ఆ మనిషికి అది చూస్తే పిచ్చెక్కుతుంది. ఎడ్వర్డ్ బెల్లా ట్రక్కు ఇంజన్ విప్పాడు, మెర్సీ తన కారే తను విప్పుతుంది. ఒకటి కట్టడి, ఇంకోటి వెటకారం. రెండింటినీ ఒకే గాటన కట్టేవాళ్ళకు స్పానర్ ఎవరి చేతిలో ఉందో కూడా కనిపించలేదన్నమాట.

ఈ శ్రేణిలో మూడో పుస్తకం ‘ఐరన్ కిస్డ్’ (2008) తేలిగ్గా చదివించే పుస్తకం కాదు. తాగినవాళ్ళు చెప్పినట్టల్లా వినేలా చేసే మాయ పాత్ర ఒకటి టిమ్ అనే మనిషికి చిక్కుతుంది. అతను తోడేలు కాదు, వ్యాంపైర్ కాదు, మర్యాదస్తుడిలా కనిపించే మామూలు మనిషి. మెర్సీ చేత అది తాగించి బలాత్కరిస్తాడు. పాత్ర మహిమ వల్ల ఆమె నోట ‘సరే’ అన్న మాట కూడా వస్తుంది. ఆ ‘సరే’కు విలువ ఎంత? బ్రిగ్స్ దానికి కథలోనే సమాధానం చెప్పి, అక్కడితో ఆగలేదు. మరుసటేడు వచ్చిన ‘బోన్ క్రాస్డ్’లో మెర్సీకి ఉన్నట్టుండి ఊపిరాడకపోవడం, ఒళ్ళంతా వణుకు, ప్రేమించిన మనిషి ముట్టుకున్నా ఉలిక్కిపడటం, ఇవన్నీ కొనసాగుతాయి. గాయం పుస్తకం అట్ట మూసినంత తేలిగ్గా మూసుకోదు.

ఇక్కడ నాకు పెద్దన రాసిన మన మనుచరిత్ర గుర్తొస్తుంది. దేశం పరాయిదైనా సమస్య పరాయిది కాదు. వరూధిని గంధర్వకాంత, ప్రవరుడు కాళ్ళకు పూసుకున్న పసరు కరిగిపోయి హిమాలయాల్లో చిక్కుకున్న మానవుడు. మానవాతీత స్త్రీ, మనిషి, ఒకవైపు ప్రేమ: ఈ నవలల ముడిసరుకు మొత్తం పదహారో శతాబ్దంలోనే మన దగ్గరుంది. ప్రవరుడు కాదని వెళ్ళిపోయాక, ఒకప్పుడు ఆమె కాదన్న గంధర్వుడు ప్రవరుడి రూపంలో వచ్చి, కళ్ళు మూసుకోవాలనే షరతు పెట్టి ఆమెను కూడతాడు. ఆ మోసం ఆమెకు తెలియకుండానే కథ స్వరోచి పుట్టుక వైపు సాగిపోతుంది. పెద్దన పద్యానికి నేను దణ్ణం పెడతాను. కానీ తెలిస్తే వరూధిని ఏమయ్యేది అన్న ప్రశ్న ఆ ప్రబంధానికి అక్కర్లేదు. బ్రిగ్స్‌కు అదే అసలు కథ. మాయాప్రవరుడి ఘట్టాన్ని ఎమ్మే క్లాసులో రసపోషణ అని వివరించే మాస్టారే, మాయ పాత్ర తాగిన మెకానిక్ కథ విని పిల్లలు పాడైపోతారని దిగులుపడటం నాకు వింతగా ఉంటుంది.

ఇంతమాత్రాన ఈ అల్మారా అంతా పరిశుద్ధమని చెప్పడం నా ఉద్దేశం కాదు. లారెల్ హామిల్టన్ శ్రేణి 2001లో వచ్చిన ‘నార్సిసస్ ఇన్ చెయిన్స్’ నుంచి గాడి తప్పింది. అనీటాకు ‘ఆర్డ్యూర్’ అనే మాయాకామం అంటుకుంటుంది, అది తీరకపోతే ప్రాణాల మీదికొస్తుంది. దాంతో ‘వద్దు’ అనే మాటకు కథలో చోటే లేకుండా పోయింది. హ్యారిస్ కూడా ‘క్లబ్ డెడ్’లో, ఆకలితో ఒళ్ళు తెలియని బిల్ కారు డిక్కీలో సూకీ మీద పడిన ఘట్టాన్ని దాని బరువుకు తగ్గట్టు నిలబెట్టకుండా తొందరగా దాటేసింది. విధి జత కలిపింది కాబట్టి ఇక ఎంపిక లేదనే తోడేలు ప్రేమకథలైతే కుప్పలు తెప్పలు, వాటిలో చాలావరకు నాకు సహించవు. అయితే ఈ తప్పులు ముందు పట్టుకున్నది ఎవరు? ఆ పుస్తకాలు వరసపెట్టి చదివే ఆడవాళ్ళే. అనీటా శ్రేణిని పదో పుస్తకం దగ్గర వదిలేశామని కారణాలతో సహా చెప్పే పాఠకులు కోకొల్లలు. ఇంట్లో వండినవాళ్ళకు తెలియదా ఉప్పెక్కడ ఎక్కువైందో.

సరిదిద్దుకోవడం కూడా లోపలినుంచే జరిగింది. బ్రిగ్స్ రాసిన ‘క్రై వుల్ఫ్’ (2008)లో ఆనా, చార్లెస్‌ల లోపలి తోడేళ్ళు చూడగానే ఒకదాన్నొకటి ఎంచుకుంటాయి. విధి ముడి పడిపోయినట్టే లెక్క. కానీ ఆనా అప్పటికే షికాగో దండులో బలవంతంగా తోడేలుగా మార్చబడి, ఏళ్ళ తరబడి హింస పడిన మనిషి. లోపలి తోడేలు ఒప్పుకుంది, ఆమె ఇంకా ఒప్పుకోలేదు. నవల అంతా ఆ రెండో ఒప్పుకోలు కోసం చార్లెస్ కాచుకుని ఉండటమే. ఒళ్ళు చెప్పే మాటకూ మనిషి చెప్పే మాటకూ మధ్య దూరాన్ని ఇంత విడమరిచి చూపించే అవకాశం తోడేలు లేని కథకు దొరకదు.

ఇక ‘నేర్పుతాయి’ అనే మాట. ఇది ఆడవాళ్ళు చదివే పుస్తకాల గురించి మాత్రమే ఎందుకు వినిపిస్తుంది? జిమ్ బుచర్ మాంత్రికుడు హ్యారీ డ్రెస్డెన్ ఇదే అల్మారాలో ఉంటాడు, ఇదే వ్యాంపైర్లతో పోట్లాడతాడు. 2010లో వచ్చిన ‘చేంజెస్’లో అతను తను ప్రేమించిన, తన బిడ్డను కన్న సూజన్‌ను, వ్యాంపైర్‌గా మారిపోతున్న క్షణంలో, తన చేత్తో చంపేస్తాడు, శత్రుకులం మొత్తం ఒక్క దెబ్బకు నాశనం కావడానికి. పాఠకులు కన్నీళ్ళు పెట్టుకున్నారు, విషాదం గొప్పగా పండిందన్నారు. నేను కూడా అన్నాను. ఆ పుస్తకం మగపిల్లలకు ప్రియురాళ్ళను చంపడం నేర్పుతుందని నాకు తెలిసి ఏ కాలమిస్టూ రాయలేదు. మగపిల్లలు కథను కథగా చదవగలరు, ఆడపిల్లలు మాత్రం చదివిందల్లా నిజమనుకుని కోరలు వెతుక్కుంటూ బయల్దేరతారని కాబోలు లెక్క.

ఈ లెక్క మనకు కొత్త కాదు. 1960ల్లో యద్దనపూడి సులోచనారాణి ‘సెక్రటరీ’ వచ్చినప్పటినుంచి ఇదే పాట విన్నాం. ఆరడుగుల హీరో, పొడవాటి కారు, కలల్లో తేలే పాఠకురాళ్ళు అని ఎగతాళి. ఉద్యోగం చేసుకుంటూ యజమాని ముందు తల వంచని జయంతి ఆత్మాభిమానం కోసం అద్దె లైబ్రరీల్లో ఆడవాళ్ళు ఆ పుస్తకాన్ని వరసలో నిలబడి తీసుకెళ్ళి ఉండొచ్చన్న ఊహ ఎగతాళి చేసినవాళ్ళకు రాలేదు. అదే కాలం నుంచి ఈరోజు దాకా మన తెర మీద హీరో కాలేజీ గేటు దగ్గర కాపు కాసి, ‘వద్దు’ అన్న అమ్మాయిని ఇంటి సందు దాకా తరుముతూ పాట పాడితే హాలంతా ఈలలు. అతనికి కోరలు లేవు, పిలుపు కట్టుబాటు అంతకన్నా లేదు. వెంటబడటాన్ని ప్రేమగా చూపించే కథ కావాలంటే లూసియానా దాకా పోనక్కర్లేదు, శుక్రవారం మార్నింగ్ షోకి వెళ్తే చాలు.

సూకీ శ్రేణికి పదమూడో పుస్తకం, ఆఖరిది, ‘డెడ్ ఎవర్ ఆఫ్టర్’ 2013 మే నెలలో వచ్చింది. వ్యాంపైర్ బిల్ కాదు, వెయ్యేళ్ళ ఎరిక్ కాదు, సూకీ చివరికి మొగ్గింది బార్ యజమాని శామ్ వైపు. అతను కూడా రూపం మార్చేవాడే, కాకపోతే ఎక్కువగా కుక్కగా మారతాడు. మొదటి పుస్తకం నుంచీ పక్కన పనిచేసినవాడు, బాకీలూ బీర్ పీపాలూ కలిసి మోసినవాడు. అతనితోనైనా సూకీ తొందరపడదు, నెమ్మదిగా చూద్దామంటుంది. ఎరిక్ అభిమానులు భగ్గుమన్నారు. ఒక్క నక్షత్రం రివ్యూలు వానలా కురిశాయి, ఇన్నేళ్ళూ మమ్మల్ని మోసం చేసిందని తిట్టిపోశారు. ఆడపిల్లలకు వ్యాంపైర్లను ప్రేమించడం నేర్పుతోందన్న నింద మోసిన రచయిత్రి, వ్యాంపైర్‌కు పిల్లనివ్వలేదని తిట్లు తింది. నింద వేసినవాళ్ళు అప్పుడైనా ఆమె వైపు వచ్చి ఒక మాట అంటారేమోనని చూశాను. వాళ్ళెవరూ పదమూడో పుస్తకం దాకా రాలేదు, మొదటిదే తెరవలేదు.